అట్టపై తేదీ లేని మాత్రలు వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 24 ఏళ్లు, పెళ్లి కాలేదు. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. నెల తప్పి పది రోజులైంది. ఇంట్లో చేసుకున్న పరీక్షలో రెండు గీతలు వచ్చాయి. స్నేహితురాలు డాక్టర్ చీటీ లేకుండానే ఎవరి దగ్గరో గర్భస్రావం మాత్రలు తెప్పించింది. పెట్టె లేదు, అట్ట అంచు కత్తిరించి ఉంది, గడువు తేదీ కనబడటం లేదు. వేసుకోవచ్చా? ఆస్పత్రికి వెళ్తే ఇంట్లో తెలుస్తుందేమోనని భయంగా ఉంది.
– పేరు వద్దు, బెంగళూరు

జవాబు: వద్దమ్మా, వాటిని వేసుకోకండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని అట్టలో ఉన్నది అసలు మందో కాదో ఎవరూ చెప్పలేరు.

మాత్రలతో గర్భస్రావం అనే పద్ధతి మాత్రం సురక్షితమైనదే. మొదట వేసుకునే మిఫెప్రిస్టోన్ మాత్ర గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను అడ్డుకుంటుంది; ఒకటి రెండు రోజుల తర్వాత వాడే మిసోప్రోస్టాల్ గర్భసంచిని ముడుచుకునేలా చేసి గర్భాన్ని బయటకు పంపుతుంది. మన దేశంలో 9 వారాల లోపు దీన్ని డాక్టర్ పర్యవేక్షణలో వాడతారు. వారాలను ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు కాబట్టి, నెలసరి 28 రోజులకు వచ్చేదైతే మీకిప్పుడు అయిదు వారాలు దాటాయి; కంగారు పడనక్కరలేదు, వ్యవధి ఉంది.

నన్ను ఎక్కువగా భయపెట్టేది గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచిన గర్భం. ఈ మాత్రలు దాన్ని తొలగించలేవు. అయినా కొంత రక్తస్రావం కనబడి, పని అయిపోయిందని మీరు నిశ్చింతగా ఉన్న సమయంలో ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందు డాక్టర్ దగ్గర పరీక్ష అవసరం. రక్తహీనత ఉందా, స్టెరాయిడ్లు గాని రక్తం పలచబడే మందులు గాని వాడుతున్నారా అన్నవి కూడా డాక్టర్ చూడాలి.

ఇక మీ భయం గురించి. గర్భస్రావానికి సంబంధించిన 1971 నాటి చట్టాన్ని 2021లో సవరించారు. గర్భనిరోధక సాధనం విఫలమై గర్భం వచ్చినప్పుడు పెళ్లికాని స్త్రీ కూడా ఈ సేవ పొందవచ్చు. 18 ఏళ్లు నిండిన మీ సమ్మతి ఒక్కటే చాలు, అమ్మానాన్నల సంతకం అడగకూడదు. మీ వివరాలను, చట్టం అనుమతించినవారికి తప్ప, బయటపెట్టిన డాక్టర్‌కు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ప్రైవేటు ఆస్పత్రి ఖర్చు భారమనిపిస్తే, ప్రభుత్వ వాణీ విలాస్ ఆస్పత్రిలో స్త్రీల వైద్య విభాగానికి వెళ్లండి.

ఇది చదివేలోపే మాత్రలు వేసుకుని ఉంటే దాచకండి. గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగినా, పొత్తికడుపులో ఒక పక్క గాని భుజంలో గాని తీవ్రంగా నొప్పి వచ్చినా, జ్వరం తగ్గకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ అట్టను పారేయకుండా వెంట తీసుకెళ్లండి.