స్టీవార్డు కుర్చీలో కూర్చోబోతున్న మేనకోడలికి

అమ్మణ్ణీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, ఏదో సంబంధం కుదిరినట్టు గొంతు తగ్గించి చెప్పింది: "అన్నా, నీ మేనకోడలు ఇక జెండాలు ఊపదంట. తీర్పులు చెప్పే గదిలో కూర్చుంటుందంట." వచ్చే నెల చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకులో జరిగే రేసుల రౌండుకి నువ్వు ట్రెయినీ స్టీవార్డుగా, అంటే కార్ల రేసులో తప్పెవరిదో తేల్చి పెనాల్టీలు వేసేవాళ్ళ దగ్గర నేర్చుకోడానికి, వెళ్తున్నావని నాకు అర్థమయ్యేసరికి పదకొండు దాటింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఈ విషయం ముందు నాకెందుకు చెప్పలేదన్న కోపం ఒకటి. అది వేరే లెక్క, ఇంటికొచ్చినప్పుడు చూసుకుందాం.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కరెంటు కార్ల రేసుకి నువ్వు ట్రాకు పక్కన జెండా పట్టుకునే మార్షల్‌గా నిలబడినప్పుడు మీ అమ్మ టీవీలో కార్లు చూడలేదు, నిన్ను వెతికింది. జాగ్వార్ వాళ్ళ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్న రోజది. ఆ రోజు నీ పని సులువు. కళ్ళతో చూసింది కాగితం మీద రాసిస్తే అయిపోయింది. ఇప్పుడు అలా కాదు. నువ్వు చూడనిదాన్ని, వేరేవాళ్ళు రాసిచ్చిన కాగితం చూసి తేల్చాలి. తేల్చాక సంతకం పెట్టాలి. ఆ సంతకం నీ వెనకే వస్తుంది.

నీకు తెలిసినవి కాబట్టి త్వరగా చెప్పేస్తాను. రూల్ పుస్తకం దగ్గర పెట్టుకో. డ్రైవర్లిద్దరినీ పిలిచి, ఇద్దరి మాటా పూర్తిగా విను. కాగితం మీద టైమ్ తప్పకుండా వెయ్యి, అప్పీలు గడువు అక్కడినుంచే లెక్క. ఏ టీమ్ గుడారంలోనూ టీ తాగొద్దు. ఫోన్ ఆపెయ్.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. 2021 జులైలో నువ్వు పెట్టిన వాట్సాప్ స్టేటస్ నేను మరిచిపోయాననుకున్నావా? సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ రేసు మొదటి ల్యాపులోనే, కాప్స్ మలుపు దగ్గర హామిల్టన్ ముందు చక్రం వెర్‌స్టాపెన్ వెనక చక్రానికి తగిలింది. వెర్‌స్టాపెన్ తన బరువుకి 51 రెట్ల దెబ్బతో వెళ్ళి టైర్ల గోడకి కొట్టుకున్నాడు. తప్పు ప్రధానంగా హామిల్టన్‌దేనని పది సెకన్ల పెనాల్టీ వేశారు. అతను ఆ పది సెకన్లూ టైర్లు మార్చే పిట్‌లో నిలబడి, మళ్ళీ తరుముకుంటూ వెళ్ళి, చివరి ల్యాపుల్లో లెక్లెర్‌ని దాటి గెలిచాడు. "ఆసుపత్రికి ఒకడు, పోడియం మీదికి ఇంకొకడు, ఇదేం న్యాయం" అని రాశావు. కింద నేను బొటనవేలు బొమ్మ పెట్టాను. పెట్టకూడదు. అప్పుడే నీకు ఫోన్ చేసి తిట్టాల్సింది. ఎందుకంటే ఆ వాక్యంలో ఒక స్టీవార్డు చెయ్యగలిగిన అతి పెద్ద తప్పు ఉంది. ఆ తప్పు చేసినవాడికి తెలుస్తుంది.

గూడూరులో ఉన్న రోజుల్లో ఫిబ్రవరి వస్తే మేం మద్రాసు బస్సెక్కి దారిలో షోలవరం దగ్గర దిగిపోయేవాళ్ళం. యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే అది, దాని మీదే రేసులు. మీ అమ్మమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం పదింటికే ఖాళీ. రెండు కార్లు గుద్దుకుంటే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. నేనూ కొట్టాను. ఎవరిది తప్పు అని ఆ ఎండలో ఒక్కసారి కూడా అనుకోలేదు. అలాంటివాడిని ఇరవై ఏళ్ళ తర్వాత తీసుకెళ్ళి స్టీవార్డుల బల్ల ముందు కూర్చోబెట్టారు.

ఏ ట్రాకో, ఏ క్లబ్బో చెప్పను. మారుతి ఇంజను పెట్టిన చిన్న రేసు కార్లు, ఫార్ములా మారుతి అనేవాళ్ళం, వాటి రేసులు ఒకే రోజు రెండు. పొద్దున రేసులో స్ట్రెయిట్ చివరి కుడి మలుపు దగ్గర పసుపు కారు ఆలస్యంగా లోపలికి దూరింది, బ్రేకులు లాక్ అయ్యాయి, నీలం కారు వెనక చక్రానికి తగిలింది. నీలం కారు గిర్రున తిరిగి, మూడో స్థానం నుంచి ఎనిమిదికి పడి, మళ్ళీ నడిచింది. మేం ముగ్గురం టీ తాగుతూ ఐదు నిమిషాల్లో "రేసింగ్ ఇన్సిడెంట్", అంటే ఎవరికీ శిక్ష అక్కర్లేని మామూలు తగులుడు, అని రాసేశాం. కప్పు సాసరు వృత్తం ఆ కాగితం మీద ఇప్పటికీ ఉంది.

సాయంత్రం అదే మలుపు. ఈసారి నీలం కారు లోపలికి దూరింది, పసుపుకి తగిలింది. చక్రం మీదికి చక్రం ఎక్కి పసుపు కారు గాల్లోకి లేచింది, టైర్ల గోడ మీద పడింది. కుర్రాడి భుజం దగ్గర ఎముక విరిగింది. అంబులెన్సు మా గది కిటికీ పక్కనుంచే వెళ్ళింది. ఆ సైరన్ చెవిలో ఉండగానే పెన్ను తీశాను. ఆ రోజు మొత్తం పోటీల నుంచి నీలం కారు కుర్రాణ్ణి బహిష్కరిస్తున్నట్టు, లైసెన్సు కొన్నాళ్ళు ఆపమని సిఫారసు చేస్తున్నట్టు రాశాను. కారణం రాసే చోట "ఎదుటి కారు పూర్తిగా ధ్వంసమైంది, డ్రైవరు గాయపడ్డాడు" అని రెండుసార్లు గీత కొట్టి మరీ రాశాను.

వాడు లేత్ మెషీన్ షాపు నడిపే ఒకాయన కొడుకు. హెల్మెట్‌లో గ్లవ్స్ వేసుకుని, దాన్ని పొట్టకి హత్తుకుని నిలబడ్డాడు. అరవలేదు. "సార్, పొద్దున అదే మలుపులో అతను నన్ను కొట్టాడు. నేను సాయంత్రం కొట్టాను. అతను వచ్చినదానికీ నేను వచ్చినదానికీ తేడా చెప్పండి సార్, నేర్చుకుంటాను" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "అవతల ఒకడు ఆసుపత్రిలో ఉంటే నీకు లెక్కలు కావాలా? బయటికి నడువు" అన్నాను. నా పక్కనున్న ఇద్దరూ తల ఊపారు. అప్పీలుకి డబ్బు కట్టాలి, వాడి దగ్గర లేదు. అప్పీలుకున్న గంట గడువూ గడిచిపోయింది.

మర్నాడు కాగితాలు ఫైల్లో పెడుతూ ఆ మలుపు దగ్గర నిలబడి చూసే పోస్టు అబ్జర్వరు రాసిన రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టాను. ఒకే చేతిరాత. "లోపలినుంచి ఆలస్యంగా వచ్చాడు. బ్రేకు లాక్ అయింది. పక్క కారు వెనక చక్రానికి తగిలాడు." రెండింట్లోనూ ఇంతే, ఇంచుమించు ఇవే మాటలు. సాయంత్రం రిపోర్టులో ఆఖరున ఒక్క లైను ఎక్కువ: "అంబులెన్సు పిలిచాం." నేను శిక్ష వేసింది ఆ ఆఖరి లైనుకి.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మళ్ళీ విచారించమని నేనే క్లబ్బుకి ఒక ఉత్తరం రాసి ఉండొచ్చు. రాయలేదు. పరువు. వాడు ఆ ఏడు మళ్ళీ ట్రాకు మీద కనబడలేదు. చాలా ఏళ్ళకి ఒక పిట్‌లో ఇంజను ట్యూన్ చేస్తూ ఎదురయ్యాడు, గుర్తుపట్టి టీ తెప్పించాడు, పిల్లల గురించి అడిగాడు. ఆ మాట మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సింది నేనే.

ఇన్నేళ్ళుగా నన్ను తొలిచేది సాయంత్రం కోపం ఒక్కటే కాదే అమ్మణ్ణీ, పొద్దున టీ కూడా. పొద్దున వేసి ఉంటే, చిన్న పెనాల్టీ అయినా సరే, ఆ మలుపులో అలా దూరకూడదని ఇరవైమందికీ తెలిసేది. బహుశా సాయంత్రం ఎముక విరిగేది కాదు. దెబ్బ తగలనిదాన్ని వదిలేస్తే దయ అనుకుంటాం. దాని బాకీ సాయంత్రం ఇంకెవడో తీర్చాల్సి వస్తుంది.

2012లో బెల్జియంలోని స్పా రేసు స్టార్ట్‌లో గ్రోజాన్ పక్కకి జరిగి హామిల్టన్‌ని తాకడం, అతని కారు ఎగిరి అలోన్సో కారు మీదుగా వెళ్ళడం నువ్వు చూసే ఉంటావు. గ్రోజాన్‌ని ఒక రేసు ఆపేశారు, 50,000 యూరోల జరిమానా వేశారు. ఆ నిర్ణయం కాగితంలో ఒక వాక్యం, ఛాంపియన్‌షిప్‌లో ముందున్నవాళ్ళు దీనివల్ల రేసు నుంచి పోయారని. అది చదివినప్పుడు నా కాగితమే గుర్తొచ్చింది. వెనకున్న ఇద్దరిని గుద్ది ఉంటే తక్కువ తప్పయ్యేదా? మనవాళ్ళు ఊరికే అన్నారా, అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని. అదే ఏడు మలేషియాలోని సెపాంగ్‌లో నాలుగో స్థానంలో ఉన్న వెటెల్‌కి, మన నరైన్ కార్తికేయన్ కారుకి తగిలి టైరు పోయింది, పదకొండుకి పడ్డాడు. నరైన్‌కి రేసు అయ్యాక ఇరవై సెకన్లు కలిపారు. తప్పు నరైన్‌ది అసలు లేదని నేననను, మనవాడు కదా, నా మాట నమ్మకు. అటుపక్క వెటెల్ బదులు ఆఖరి వరస కారు ఉంటే ఆ ఫైలు తెరిచేవాళ్ళా అన్నదే నా ప్రశ్న. రేపు నీ బల్ల మీదికి ఫైలు వచ్చినప్పుడు కార్ల నంబర్ల మీద వేలు అడ్డం పెట్టుకుని ఒకసారి చదువు. పిచ్చిగా అనిపిస్తుంది. చెయ్యి.

ఇంకో సంగతి నాకూ తేలలేదు, నీకు తేలితే చెప్పు. 2023 మెల్‌బోర్న్. ఆపిన రేసుని మళ్ళీ మొదలుపెట్టిన ఆఖరి రీస్టార్ట్‌లో సైన్స్ అలోన్సోని తాకాడు, ఐదు సెకన్ల పెనాల్టీ. అలోన్సోకి మూడో స్థానం తిరిగొచ్చింది. రేసు, ఎవరూ ఎవర్నీ దాటకూడని సేఫ్టీ కారు వెనక ఒకరి తోక ఒకరు పట్టుకుని ముగియడంతో సైన్స్ ఆ ఐదు సెకన్లకే నాలుగు నుంచి పన్నెండుకి జారాడు. అదే రీస్టార్ట్‌లో గ్యాస్లీ, ఒకాన్ గుద్దుకుని ఇద్దరూ బయటికి పోయారు, చర్య లేదు. సార్జెంట్ వెనకనుంచి డి వ్రీస్‌ని కొట్టాడు, చర్య లేదు. సిల్వర్‌స్టోన్ పది సెకన్లు గెలుపుని ఆపలేదు, మెల్‌బోర్న్ ఐదు సెకన్లు ఎనిమిది స్థానాలు తీసేశాయి. తప్పుకి శిక్ష కొలిచి వేసినా అది ఎవడి మీద ఎంత బరువుగా పడుతుందో నీ చేతిలో ఉండదు. సరిచేద్దామని ఒకడికి ఎక్కువ, ఒకడికి తక్కువ వెయ్యడం మొదలుపెడితే ఇక అంతే. కానీ ముగ్గురు చేసిన పనికి ఒక్కడినే పట్టుకోవడం మాత్రం నీ చేతిలో ఉన్నదే.

2025లో ప్రపంచ మోటారు రేసుల సంస్థ ఎఫ్‌ఐఏ స్టీవార్డులకిచ్చే తన మార్గదర్శకాలు అందరికీ కనబడేలా పెట్టింది. లోపలినుంచి దాటేవాడి ముందు ఇరుసు, మలుపు లోపలి అంచుకి చేరేసరికి, పక్క కారు అద్దం దాకా అయినా వచ్చి ఉండాలని అందులో ఉంది. చదువు, మంచిదే. కానీ మీ రౌండుకి మన దేశం నిబంధనలే. పైగా కొలబద్ద చూపిస్తే కుర్రాళ్ళు దానికోసమే నడుపుతారు, అద్దం దాకా ముక్కు దూర్చేసి, మలుపు తిరగ్గలనా లేదా అన్నది తర్వాత చూసుకుంటారు.

వీడియో ముందు మామూలు వేగంలో మూడుసార్లు చూడు. స్లో మోషన్‌లో అందరూ కావాలనే గుద్దినట్టు కనిపిస్తారు. భోజనం టైముకి తిను, ఆకలితో ఉన్నవాడు ఎక్కువ శిక్ష వేస్తాడని నా నమ్మకం, నవ్వుకుంటే నవ్వుకో. అన్నిటికన్నా ముఖ్యం, అంబులెన్సు చప్పుడు వినబడితే పెన్ను బల్ల మీద పెట్టెయ్. ఆ కుర్రాడు ఎలా ఉన్నాడో కబురు తెలిసి, ఒళ్ళు చల్లబడ్డాకే కాగితం లాక్కో. సీనియర్లు తొందరపెడితే "మామయ్య ఒట్టు వేయించుకున్నాడు" అని చెప్పు, చెన్నై పాతవాళ్ళలో ఇద్దరు ముగ్గురికి నేను తెలుసు.

ఒక నోటు పుస్తకం బస్సు పార్శిల్‌లో పంపుతున్నాను, మీ అమ్మకి గోంగూర పచ్చడి సీసాతో పాటు. మొదటి పేజీలో ఆ రెండు రిపోర్టుల కార్బన్ కాపీలు అంటించాను. మిగతా పేజీలు నీవి. నువ్వు తేల్చిన ప్రతిదీ, వదిలేసినది కూడా, అదే రోజు రాసుకో. ఏ మలుపు, ఎలా వచ్చాడు, ఏం వేశావు. రెండో రేసు కాగితం తీసే ముందు మొదటి రేసు పేజీ తిప్పి చూడు.

ఆదివారం నేను వస్తాను. గ్యాలరీలో ఎండ తగలని వైపు కూర్చుంటాను, మీ గది వైపు రాను. ఏదైనా జరిగితే నేను ఫోన్ చెయ్యను, నువ్వూ చెయ్యకు. నీ సంతకం ఉన్న కాగితం నోటీసు బోర్డు మీద పెట్టాక, కిందికి దిగి కనబడు. కారులో ఫ్లాస్క్‌లో మజ్జిగ ఉంటుంది.

మీ పెద్దమామ
చెన్నై