క్యారియర్‌లో బాబు పాలకు లేవకుండా పడుకుంటున్నాడా? ముందు ఆ చుక్కల మందు ఆపండి

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి దగ్గర ఊరు. బాబుకు రెండు నెలల పది రోజులు. నెలలు పూర్తిగా నిండకముందే పుట్టాడు, అప్పుడు బరువు 2.2 కిలోలు. వారానికి రెండుసార్లు పొద్దున్నే మావారి బైక్ మీద ఆదిలాబాద్‌లోని అమ్మవాళ్లింటికి వెళ్తాం. బాబును బేబీ క్యారియర్‌లో గుండెలకు కట్టుకుంటాను. ఈ చలికి క్యారియర్ లోపల ఉన్ని దుప్పటి చుట్టాలా, స్వెట్టర్లు రెండు వేయాలా? పైన నా జాకెట్ జిప్పు మొత్తం వేస్తే ఊపిరి ఆడుతుందా? నాలుగు రోజులుగా కొంచెం జలుబు ఉంటే మెడికల్ షాపులో చుక్కల మందు అడిగి తెచ్చి వేస్తున్నాం. అప్పటి నుంచి క్యారియర్‌లో పెట్టగానే హాయిగా నిద్రపోతున్నాడు, పాలకు కూడా లేవడం లేదు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఓపీ మధ్యలో మీ ఉత్తరం చదివాను. మీరు అడిగింది స్వెట్టర్ల గురించే గానీ, నన్ను కంగారు పెట్టింది మీ చివరి వాక్యం.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ రెండు నెలల వయసులో పాలకు లేవకపోతే, దాన్ని హాయి అని ఏ పిల్లల డాక్టరూ అనుకోరు. ఈ వయసులో ఆకలేస్తే ఊరుకోరు, రెండు మూడు గంటలకోసారి ఇల్లంతా లేపుతారు. మీ బాబు లేవడం లేదంటే నాకు మూడు అనుమానాలు వస్తున్నాయి. మందు మత్తు కావచ్చు. చలికి ఒళ్లు చల్లబడి ఉండొచ్చు. ఛాతీలోనో రక్తంలోనో ఇన్ఫెక్షన్ మొదలై ఉండొచ్చు. పైకి చూడటానికి మూడూ ఒకేలా ఉంటాయి, బిడ్డ మెత్తగా పడుకుని ఉంటాడు. పరీక్ష చేయకుండా ఏదన్నది నేను చెప్పలేను. అందుకే ఇది చదివిన రోజే బాబును పిల్లల డాక్టరుకు చూపించండి. రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఆ చుక్కల సీసా వెంట తీసుకెళ్లండి. ఎన్ని చుక్కలు వేశారు, రోజుకు ఎన్నిసార్లు, చివరిసారి ఎన్ని గంటలకు, ఇవి కాగితం మీద రాసుకెళ్తే అక్కడి డాక్టరుకు చాలా ఉపయోగం.

ఊపిరి కూడా లెక్కపెట్టండి. బాబు నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకి జరిపి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కించాలి. రెండు నెలలు దాటిన బిడ్డకు నిమిషానికి 50, అంతలోపు బిడ్డకు 60, ఆపైన ఉంటే ప్రమాదం. పక్కటెముకల కింద చర్మం లోపలికి లాక్కుపోతున్నా, పెదాలు నీలంగా ఉన్నా, మూలుగుతున్నా, ఎంత కదిపినా లేవకపోయినా 108కి ఫోన్ చేయండి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా అంతే, ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఇక ఆ మందు సంగతి. కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఏమనుకోవద్దు. ఈ చలికాలం నా దగ్గరికి వచ్చే పసిబిడ్డల్లో ఎంతోమంది అప్పటికే ఏదో ఒక చుక్కల మందు మీద ఉంటున్నారు. షాపులో ఇచ్చారనో, పెద్ద పిల్లాడికి రాసింది ఫ్రిజ్‌లో మిగిలిందనో, పక్కింటావిడ చెప్పిందనో వేసేస్తున్నారు. మీరు పేరు రాయలేదు కాబట్టి మీ సీసాలో ఏముందో నాకు తెలియదు. మామూలుగా జలుబు చుక్కల్లో క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపి ఉంటాయి. మొదటిది మత్తు ఇస్తుంది, రెండోది గుండె వేగాన్ని, బీపీని మార్చగలదు. ఈ రెండూ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీదే ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం బయటపడింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ డాక్టర్లకే చెప్పింది. డాక్టరే రాయకూడని మందును కౌంటర్ మీద అడిగి తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మామూలు జలుబుకు మందు అక్కర్లేదు. పాలు పట్టే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు, అవి ఉత్త ఉప్పునీళ్లే, ఒకటి రెండు వేసి, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. బ్రాందీ చుక్క నాకించడం, ఛాతీకి కర్పూరం బామ్ రాయడం, ముక్కులో నూనె పోయడం, ఇవేవీ వద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే అది వేరే న్యుమోనియా. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, నా పేరు చెప్పి కాదనండి.

మందు మాట ఇంతసేపు చెప్పడానికి, మీ క్యారియర్‌కు సంబంధం ఉంది. పసిబిడ్డ మనలా వణికి వేడి పుట్టించుకోలేడు. మెడ వెనక, భుజాల మధ్య ఉండే ఒక రకం కొవ్వును కరిగించుకుని వెచ్చగా ఉంటాడు. నెల తక్కువ బిడ్డకు ఆ కొవ్వే తక్కువ. దాన్ని కరిగించే శక్తి పాల నుంచి రావాలి. మత్తులో పాలు మానేస్తే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే ఇంకా మగతగా అయి మళ్లీ పాలు తాగడు. పైగా మత్తులో ఉన్న బిడ్డ క్యారియర్‌లో తల వాల్చేస్తే, గడ్డం ఛాతీకి ఆనుకుని గొంతులో గాలిదారి మడత పడుతుంది. నాలుగు నెలల లోపు బిడ్డకు మెడ నిలబెట్టే బలం ఉండదు. ఊపిరి ఆడకపోయినా ఏడవడు, నిశ్శబ్దంగా ఉంటాడు.

క్యారియర్ మీద నాకు కోపం లేదు. మన ఏజెన్సీ ఊళ్లలో చీర జోలెలో బిడ్డను ఒంటికి కట్టుకుని పనులు చేసుకునే తల్లులను మీరూ రోజూ చూస్తుంటారు. తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు తల్లి ఒంటి వేడి ఇంక్యుబేటర్‌లా పనిచేస్తుందని 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన కంగారూ మదర్ కేర్ (బిడ్డను తల్లి ఛాతీకి చర్మం తాకేలా ఆనించి ఉంచే పద్ధతి) నిరూపించింది, ఇప్పుడు మన ఆస్పత్రుల్లోనూ చేయిస్తున్నాం. కాబట్టి మీ ఒంటికీ బాబుకీ మధ్య ఎంత తక్కువ గుడ్డ ఉంటే అంత వెచ్చన. లోపల ఉన్ని దుప్పటి చుడితే మీ వేడి బాబుకు చేరదు, క్యారియర్ పట్టీలు వదులవుతాయి, బాబు కిందికి జారి ముఖం గుడ్డలో కూరుకుపోతుంది. ఒక బనియన్, నిండు చేతుల చొక్కా, ప్యాంటు, చెవులు కప్పే నూలు టోపీ చాలు. క్యారియర్ గుడ్డనే ఒక పొర అనుకోండి. పైన శాలువా గానీ, మీ జాకెట్ గానీ ఇద్దరినీ కలిపి కప్పేలా వేసుకోండి. జిప్పు బాబు భుజాల దాకే. ముఖం మీకు ఎప్పుడూ కనిపించాలి, మీరు తల వంచితే నుదుటికి ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉండాలి, గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. మంకీ క్యాప్ నోటి మీదికి జారుతుంది, అది వద్దు.

మొన్న ఒక తల్లి మూడు జతల బట్టలు వేసి తెచ్చిన పాపను విప్పి చూస్తే మెడ వెనక చెమటతో తడిసి ఉంది, పిక్కలు మాత్రం మంచులా ఉన్నాయి. క్యారియర్‌లో కాళ్లు మడవగానే ప్యాంటు మోకాళ్ల దాకా లేచింది, సాక్సులు మడమల దాకా జారాయి. పొడుగు సాక్సులు వేసి, వాటి మీదికి ప్యాంటు అంచు లాగి పెట్టండి. చేతులు, పాదాలు కాస్త చల్లగా ఉన్నంత మాత్రాన భయపడొద్దు. చెయ్యి లోపలికి పెట్టి ఛాతీ, మెడ వెనక ముట్టి చూడండి. చెమట ఉంటే ఒక పొర తీసేయాలి. పొట్ట కూడా చల్లగా తగిలితే బట్టలు తీసి మీ ఛాతీకి ఆనించి దుప్పటి కప్పుకుని పాలు పట్టండి, థర్మామీటర్ చంకలో పెట్టి చూడండి. 36.5 కంటే తక్కువ ఉంటే వేడి అందాలి. అరగంటకీ పెరగకపోతే, లేదా 36 లోపు ఉంటే ఆస్పత్రికి. వేడినీళ్ల సీసాలు ఒంటికి ఆనించొద్దు. తలుపులన్నీ మూసి గదిలో నిప్పుల కుంపటి పెట్టొద్దు, ఆ గాలికి ఇంట్లో అందరి ప్రాణాలకూ ప్రమాదం.

బైక్ మీద మాత్రం వద్దమ్మా. ఇంద్రవెల్లి నుంచి గుడిహత్నూర్ మీదుగా పొద్దున్నే వెళ్లే దారి ఎలా ఉంటుందో మీకే తెలుసు. పది డిగ్రీల చలిలో నలభై వేగంతో వెళ్తే ఎదురుగాలికి చర్మానికి తెలిసేది ఆరు డిగ్రీలే. పైగా పడితే ఆ క్యారియర్ బాబును కాపాడదు. నాలుగేళ్ల లోపు పిల్లలను బైక్ మీద తీసుకెళ్తే బెల్టు, నలభై కిలోమీటర్ల లోపు వేగం, తొమ్మిది నెలలు దాటినవాళ్లకు హెల్మెట్ కూడా తప్పనిసరి అని 2023 ఫిబ్రవరి నుంచి రూల్ ఉంది. రెండు నెలల తలకు సరిపోయే హెల్మెట్ ఎక్కడుంది? బాబు కోలుకున్నాక, ఎండ ఎక్కాక ఆర్టీసీ బస్సు ఎక్కండి, మీకు టికెట్ కూడా లేదు. కిటికీ మూసి కూర్చోండి. కూర్చోగానే జాకెట్ జిప్పు దించి, బాబు టోపీ తీయండి, నిద్రలో ఉన్నా సరే. పాల వేళ అయితే క్యారియర్ విప్పి ఒళ్లో పడుకోబెట్టుకుని పట్టండి. తాగడం అయ్యాక మళ్లీ నిటారుగా కట్టుకుని, గడ్డం కింద వేళ్లు పెట్టి చూసుకోండి.

ఇవన్నీ తర్వాత. ఈరోజు వెళ్లాల్సింది ఆస్పత్రికి, ఆటోలోనో కారులోనో.