హెచ్ఎం ప్రమోషన్ వస్తే పల్లెకు పంపాలా, వదులుకోమనాలా?

ప్రశ్న: మాది కావలి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి కావలికి దగ్గర్లో జడ్పీ హైస్కూల్లో మేథ్స్ స్కూల్ అసిస్టెంట్. ఈసారి హెచ్ఎం (ప్రధానోపాధ్యాయురాలు) ప్రమోషన్ ప్యానెల్లో, అంటే అర్హుల జాబితాలో, తన పేరు ఉంది. ఖాళీలు చాలావరకు ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు వైపే అంటున్నారు. అల్లుడి ఉద్యోగం కావలిలో, మనవడు ఆరో తరగతి. పల్లెటూరి బడి, స్టాఫ్ ఉండరు, ఊరి రాజకీయాలు, ఇంత టెన్షన్ ఎందుకమ్మా, వదులుకో అంటే వినడం లేదు. మీరైనా చెప్పండి.

జవాబు: అయ్యా, నేను చెబితే వింటుందని రాశారు గానీ, నా మాట మీ అమ్మాయి వైపే ఉంది. ప్రమోషన్ తీసుకోవడమే మంచిది. అయితే మీ భయాల్లో కొన్ని నిజమైనవే. వాటిని కొట్టిపారేసి ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు.

ముందు దూరం సంగతి. కావలి నుంచి వింజమూరు, దుత్తలూరు మీదుగా ఉదయగిరి రోడ్డు మీకు నాకన్నా బాగా తెలుసు. రోజూ పోయి వచ్చే దారి కాదది. పోయి వద్దామనుకున్న హెచ్ఎంలు ఏమవుతారో చాలా చోట్ల చూశాను. ఉదయం బస్సు ఆలస్యం, సాయంత్రం బస్సు కోసం ముందే లేవడం. హెచ్ఎం మూడున్నరకు బ్యాగు సర్దుకుంటే స్టాఫ్ మూడుంబావుకే సర్దుకుంటారు. ఇది గమనించడానికి ఊరికి వారం చాలు. కాబట్టి అమ్మాయి వెళ్తే వారంలో ఐదు రోజులైనా అక్కడే, లేదా ఉదయగిరిలోనో వింజమూరులోనో అద్దె ఇంట్లో ఉండాలి. దీనికి ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే మిగతా విషయాలు మాట్లాడుకోవడంలో అర్థం ఉంటుంది.

పల్లె బడి హెచ్ఎం పని ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెబుతాను. టౌన్లో పెద్ద హైస్కూల్లో జూనియర్ అసిస్టెంట్, రికార్డు అసిస్టెంట్, అటెండరు ఉంటారు. మారుమూల బడుల్లో చాలాచోట్ల ఈ పోస్టులు ఖాళీ. హైస్కూలు హెచ్ఎం అంటే డ్రాయింగ్ ఆఫీసరు కూడా. స్టాఫ్ జీతాల బిల్లులు, ఇంక్రిమెంట్లు, సర్వీసు రిజిస్టర్లు, సెలవులు, సీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ బిల్లుల ఆన్‌లైన్ వ్యవస్థ) లాగిన్ అన్నీ ఆవిడ నెత్తినే. పైగా విద్యాశాఖ లీప్ యాప్‌లో హాజరు, యూడైస్ (బడి గణాంకాల) వివరాలు, పిల్లల అపార్ ఐడీలు, మధ్యాహ్న భోజనం లెక్క, విద్యార్థి మిత్ర కిట్ల పంపిణీ. సిగ్నల్ దొరకని ఊళ్లో ఇవన్నీ ఫోన్‌లోనే చేయాలి. మేథ్స్ బాగా చెప్పే టీచరు ఒక్కసారిగా గుమస్తాగా మారిపోయానని బాధపడేది ఇక్కడే. మొదటి ఏడాది అందరికీ ఈ బాధ తప్పదు. రెండో ఏడాదికి తగ్గాలంటే చేరకముందే పని నేర్చుకోవాలి. ప్యానెల్లో పేరుందంటే ప్రమోషన్‌కు కావాల్సిన ఈవోటీ, జీవోటీ అనే డిపార్ట్‌మెంటు పరీక్షలు పాసయ్యే ఉంటుంది. పరీక్షలో రాసిన రూల్సుకీ, నెలాఖరున బిల్లు పెట్టడానికీ చాలా తేడా ఉంది. ఇప్పుడున్న బడి హెచ్ఎంను అడిగి, వచ్చే నెల జీతాల బిల్లు పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూడమనండి.

ఛార్జి తీసుకునే రోజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చే తలనొప్పుల్లో సగం ఆ రోజు మొహమాటానికి పెట్టిన సంతకాలవే. క్యాష్ బుక్కులో నిల్వ, బ్యాంకు పాసుబుక్కులో నిల్వ సరిపోయాయో చూడాలి. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకాల్లో వాడినవెన్ని, ఖాళీవెన్ని అని లెక్కపెట్టాలి. స్టాక్ రిజిస్టరులో ఉన్న ట్యాబులు, ల్యాబ్ సామాను బీరువాలో ఉన్నాయో చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు బియ్యం. రిజిస్టరులో ఆరు బస్తాలని ఉంటే స్టోర్ రూములోకి వెళ్లి తూకం వేయించాలి. 'ఏముందిలే మేడమ్, తర్వాత చూసుకుందాం' అని ఎవరైనా అంటే, 'ఇప్పుడే చూసుకుందాం సార్' అని నవ్వుతూనే చెప్పాలి. తక్కువ ఉంటే ఆ తక్కువనే రాసి సంతకం పెట్టాలి. దీనివల్ల ఒక గంట ఇబ్బందిగా ఉంటుంది. ఊళ్లో మాత్రం ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది, కొత్త మేడమ్ లెక్క చూసే మనిషని.

ఇక మీరు 'స్టాఫ్ ఉండరు' అన్నది. పూర్తిగా కొట్టిపారేయలేను. మారుమూల బడికి వచ్చిన టీచరు బదిలీకి అర్హత రాగానే అప్లై చేస్తారు, వాళ్ల తప్పు కాదు. అయితే 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు జరిగింది. కొత్తగా ఉద్యోగం వచ్చిన కుర్రాళ్లు చాలామంది ఇలాంటి పల్లెల్లోనే మొదటి పోస్టింగ్ చేస్తున్నారు. చదువుకున్న పిల్లలు, ఉత్సాహం ఉంది, దారి చూపేవాళ్లు కావాలి. వాళ్లను ఫారాలు నింపడానికి వాడుకుంటే ఏడాదిలో నీరసపడతారు. వాళ్ల క్లాసులో కూర్చుని, పాఠం అయ్యాక పక్కకు పిలిచి మాట్లాడే హెచ్ఎం దొరికితే వాళ్ల సర్వీసంతా ఆ తీరు నిలుస్తుంది. మీ అమ్మాయి మంచి మేథ్స్ టీచరైతే ఆ జ్ఞానం ఒక క్లాసుకు కాకుండా నలుగురు టీచర్లకు చేరే చోటు హెచ్ఎం కుర్చీ.

పల్లె బడికి ఉన్న అసలు బలం బడి చిన్నది కావడమే. దీన్ని చాలామంది లోపంగా చూస్తారు. వరికుంటపాడు వైపు ఒక హైస్కూల్లో పదో తరగతి పిల్లలతో మాట్లాడటానికి వెళ్లాను. పొద్దున్నే హెచ్ఎం మేడమ్ గేటు దగ్గర నిలబడి ఉంది. లోపలికి వచ్చే ప్రతి పిల్లవాడినీ పేరుతో పలకరిస్తోంది. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు నాలుగు రోజులుగా రావడం లేదని ఎవరూ చెప్పకుండానే ఆవిడకు తెలుసు. తల్లిదండ్రులు బెంగళూరులో బిల్డింగు పనిలో ఉన్నారు, పిల్లవాడు అవ్వ దగ్గర ఉంటాడు. అవ్వకు ఫోన్ లేదు. పక్కింటి ఆమెకు ఫోన్ చేసింది. 'వాడు ఆవుల్ని తోలకపోయినాడు మేడమ్, రేపు పంపిస్తాలే' అని అవతల నుంచి గొంతు. 'రేపు కాదు పెద్దమ్మా, అన్నం టైముకైనా పంపీ' అంది ఈవిడ. పన్నెండున్నరకు ఆ అబ్బాయి కంచం పట్టుకుని వరుసలో ఉన్నాడు. ఎనిమిది వందల మంది ఉన్న టౌను బడిలో ఏ హెచ్ఎంకైనా ఇలా సాధ్యమవుతుందా?

ఆ ప్రాంతంలో బడి క్యాలెండరు, పొలం క్యాలెండరు ఎప్పుడూ ఢీకొంటూ ఉంటాయి. కలిగిరి, కొండాపురం వైపు పొగాకు ఆకు కొట్టి బ్యారన్లలో (ఆకును వేడితో ఆరబెట్టే గదుల్లో) కాల్చే రోజులు సరిగ్గా పదో తరగతి పిల్లలు కూర్చుని చదవాల్సిన రోజులే. ఇంట్లో మనిషి చాలకపోతే పెద్దపిల్లను ఆపేస్తారు. నోటీసులు పంపితే వాళ్లు రారు. డిసెంబరులోనే ఆ ఇళ్లకు వెళ్లి, ఏ వారం ఎవరి బ్యారన్ అని కనుక్కుని, ఆ పిల్లలకు సాయంత్రం స్టడీ అవర్ పెట్టిన బడుల్లో ఫలితాలు వేరుగా ఉంటాయి. వలస వెళ్లే కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ ఏర్పాటు ఉంది. దాన్ని అడిగి తెచ్చుకోవాల్సింది హెచ్ఎమ్మే, అదీ వలస మొదలవకముందే.

యానాది గిరిజన కాలనీల పిల్లల గురించి చెప్పకపోతే మన జిల్లా బడి గురించి మాట్లాడినట్టే కాదు. చాలామందికి పుట్టిన తేదీ కాగితం ఉండదు, ఆధార్‌లో పేరు ఒకటి, తండ్రి చెప్పే పేరు ఒకటి. యాప్‌లో ఎక్కదని వాళ్లను తిప్పి పంపేస్తున్న చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎనిమిదో తరగతి దాకా వయసు ధ్రువపత్రం లేదని ఏ పిల్లవాడికీ అడ్మిషన్ నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ముందు క్లాసులో కూర్చోబెట్టి, తర్వాత సచివాలయం చుట్టూ తిరిగి కాగితం పుట్టించడం హెచ్ఎం మనసును బట్టి ఉంటుంది. ఈ ఒక్క పనికోసమైనా మంచి మనిషి ఆ కుర్చీలో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఊరి రాజకీయాలకు భయపడుతున్నారు. రెండు వర్గాలు లేని ఊరు ఎక్కడుంది? పేరెంట్స్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి అన్నది చట్టం. ఆ ఆడవాళ్లను నిజంగా మాట్లాడనిస్తే వర్గాల గొడవ సగం చల్లబడుతుంది, ఎందుకంటే వాళ్లు వంట గురించి, బాత్రూముల గురించి, మాస్టారు వస్తున్నాడా లేదా అన్నదాని గురించి అడుగుతారు. ప్రతి మీటింగూ మినిట్స్ పుస్తకంలో రాయాలి. డబ్బు విషయంలో ఎవరి ఇంటికీ వెళ్లి మాట్లాడకూడదు, బడిలోనే మాట్లాడాలి. వంట చేసే వాళ్ల బిల్లులు ఆలస్యమైనప్పుడు వాళ్లు హెచ్ఎం మీదే కోప్పడతారు. ఆ కోపాన్ని ఓపికగా వినడం కూడా ఉద్యోగంలో భాగమే.

పిల్లలు ఎందుకు తగ్గుతున్నారన్నది ఇంకో పెద్ద సమస్య. పొద్దున్నే ప్రైవేటు స్కూలు బస్సు ఊళ్లోకి వస్తుంది, సగం ఊరు ఎక్కుతుంది. దీనికి ఉపన్యాసాలు పనిచేయవు. ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్పు పరీక్ష ఉంది, ఎనిమిదో తరగతిలో రాస్తారు. ఎంపికైన పిల్లవాడికి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ట్రిపుల్ ఐటీ అడ్మిషన్లలో ప్రభుత్వ బడి పిల్లలకు వెయిటేజీ ఉంది. ఒక ఊళ్లో ముగ్గురు పిల్లలకు స్కాలర్‌షిప్పు, ఒకరికి ట్రిపుల్ ఐటీ సీటు వచ్చిందంటే రచ్చబండ దగ్గర మాటే మారిపోతుంది. మేథ్స్ టీచరు హెచ్ఎంగా వెళ్తే ఇది ఆవిడ చేతిలో పని. ఆ బడిలో చదివి బెంగళూరు, హైదరాబాద్, అమెరికా వెళ్లిన పాతవిద్యార్థులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నమ్మకం కుదిరితే వాళ్లు నీళ్ల ప్లాంటు పెడతారు, బెంచీలు చేయిస్తారు. నమ్మకం కుదరడానికి లెక్క చూపాలి, అంతే.

జీతం కోసమైతే నిజం చెప్పాలి. ఒకే పోస్టులో ఏళ్లు గడిచినందుకు ఇచ్చే ఏఏఎస్ స్కేళ్లలో ఇప్పటికే 12 ఏళ్ల స్కేలు తీసుకుంటున్న స్కూల్ అసిస్టెంట్‌కు ప్రమోషన్‌తో చేతికొచ్చే పెరుగుదల కొద్దిగానే ఉంటుంది. లాభం ముందున్న దారిలో ఉంది. ఎంఈవో (మండల విద్యాధికారి), ఆ పైన డిప్యూటీ ఈవో (ఉప విద్యాధికారి) స్థాయికి వెళ్లాలంటే హెచ్ఎంగా చేసిన అనుభవమే పునాది. ఇంకో సంగతి, 2025 బదిలీల చట్టం ప్రకారం హెచ్ఎం ఒక బడిలో గరిష్ఠంగా 5 విద్యా సంవత్సరాలే ఉంటారు. మారుమూల కేటగిరీలో చేసిన ఏళ్లకు పాయింట్లు ఎక్కువ, తర్వాత బదిలీలో అవి పనికొస్తాయి. కాబట్టి మీరు అనుకుంటున్నట్టు అమ్మాయి అక్కడే ఉండిపోదు.

ప్రమోషన్ వదులుకునే కాగితం మీద మాత్రం ఇంట్లో కూర్చుని సంతకం పెట్టించకండి. దానివల్ల తర్వాతి ప్యానెల్లో స్థానం, ఏఏఎస్ స్కేళ్లు ఏమవుతాయో డీఈవో ఆఫీసు సూపరింటెండెంటును అడిగి, జీవో చూపించమని చూసి, అప్పుడు ఆలోచించాలి. మరుసటి ఏడాది మనసు మారితే వెనక్కి తీసుకోగలిగే కాగితం అనుకుని చాలామంది నష్టపోయారు.

వద్దనాల్సిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉండి చూసుకునేది తనొక్కతే అయితే, లేదా క్లాసురూము తప్ప ఇంకేదీ తనకు సంతోషం ఇవ్వదని తనే చెబితే, వదులుకోవడంలో తప్పు లేదు. మంచి టీచరుగా మిగలడం తక్కువేం కాదు. మీ ఉత్తరం చూస్తే వద్దంటున్నది మీరు, కావాలంటున్నది తను.

మనవడి విషయం. కావలిలో తండ్రితో, మీతో ఉండి చదువుకోవచ్చు. లేదా తల్లితో వెళ్లి ఆ బడిలోనే చేరవచ్చు. హెచ్ఎం కొడుకు అదే బెంచీ మీద కూర్చుంటే ఊరికి కలిగే నమ్మకం వేరు. అయినా పిల్లవాడిని అందుకోసం వాడకండి, వాడికి ఇష్టమైతేనే. ఆరో తరగతి పిల్లలు అడిగితే చక్కగా చెబుతారు.

కౌన్సెలింగ్ తేదీకి ముందు ఒక శనివారం అమ్మాయిని తీసుకుని ఆ వైపు వెళ్లి రండి. రెండు మూడు బడులు చూడండి. క్లర్కు ఉన్నాడా, మేథ్స్, ఇంగ్లిష్ పోస్టులు నిండి ఉన్నాయా, ఆడపిల్లల బాత్రూములో నీళ్లు వస్తున్నాయా, సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి, అద్దె ఇళ్లు దొరుకుతాయా అని రాసుకోండి. టీ కొట్టు దగ్గర కూర్చుని బడి ఎలా నడుస్తోందని అడగండి, మీకు ఆ మాటలు రాబట్టడం బాగా వచ్చు. సీనియారిటీ నంబరు పిలిచినప్పుడు మిగిలిన ఖాళీల్లోంచి నిమిషాల్లో ఎంచుకోవాలి. ఆ పూట మీ అమ్మాయి చేతిలో మీరిద్దరూ తిరిగి రాసుకున్న ఆ కాగితం ఉండాలి.