వ్యాయామానికి మోతాదు ఎవరు చెప్పాలి?

చిరంజీవి అమ్మడికి,

నీ ఉత్తరం అందింది. ఎక్సర్‌సైజ్ సైన్స్ డిగ్రీ కాలేజీలో చేరి నెల తిరగకముందే "ఇదేం చదువు, డ్రిల్ మాస్టారి చదువా?" అని నలుగురూ అడుగుతున్నారని రాశావు. అడగనీ. వాళ్లకి జవాబు చెప్పడానికి బోలెడు టైముంది. నువ్వడిగిన అసలు సంగతి వేరు కదా, ఏది గట్టిగా చదవాలి, ఏది పైపైన చూసినా గడుస్తుంది అని. ఈ పనిలోనే తల నెరిసింది కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

వ్యాయామాల పేర్లు ఎవరైనా చెబుతారు. ఫోన్ తెరిస్తే మోకాలి నొప్పికి వంద కనిపిస్తాయి. ఈ మనిషికి వాటిలో ఏది, ఎంత బరువుతో, వారానికి ఎన్నిసార్లు, ఎప్పుడు పెంచాలి, ఎక్కడ ఆపాలి అన్నది చెప్పగలిగేవాళ్లే తక్కువ. మందుకు మోతాదు ఉన్నట్టే దీనికీ ఉంది. నీకు చెప్పే ప్రతి సబ్జెక్టునూ ఈ మోతాదు లెక్క కోసమే చదువు.

అనాటమీ అంటే అందరికీ టెన్షనే. కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో బట్టీ పట్టి, పరీక్ష రాసి, సెలవులయ్యేసరికి మర్చిపోతారు. నువ్వు ఒంటి మీద చెయ్యి వేసుకుని చదువు. కుర్చీలో కూర్చుని తొడ ముందు భాగం పట్టుకుని కాలు చాపితే అక్కడి కండరాలు బిగుసుకుంటాయి. అవి మోకాలిని చాపుతాయని పుస్తకంలో ఉన్నది అదే. ఇప్పుడు లేచి నిలబడి, చెయ్యి తియ్యకుండా, నెమ్మదిగా మళ్లీ కుర్చీలోకి దిగు. మోకాలు మడుచుకుంటోంది, అయినా బిగిసింది ఆ ముందు కండరాలే. ఒళ్లు ధబేలున పడిపోకుండా అవి సాగుతూనే ఆపి ఉంచుతున్నాయి. ఎక్సెంట్రిక్ అని క్లాసులో చెప్పేది దీన్నే. మెట్లెక్కడం కన్నా దిగడమే భయంగా ఉందని చెప్పే పెద్దవాళ్ల ఇబ్బంది ఇది తెలిస్తే సగం అర్థమవుతుంది.

పిక్క కండరాల్ని మడమకు కలిపే అకిలిస్ స్నాయువు నొప్పికి 1998లో ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం ప్రకటించిన పద్ధతి కూడా ఇలా దించడమే. మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించాలి. మోకాలు చాపి ఒక రకం, కాస్త మడిచి ఇంకో రకం. ఒక్కోటి 15 చొప్పున మూడు విడతలు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. అంటే రోజుకు 180 సార్లు. ఇప్పుడు అందరికీ అంత అక్కర్లేదనే వాళ్లూ ఉన్నారు, అది వేరే చర్చ. కానీ చీటీ మీద అలా స్పష్టంగా రాసి ఉంటేనే తర్వాత పెంచాలో తగ్గించాలో తెలుస్తుంది. "రోజూ కాస్త మడమలెత్తండి" అని పంపిస్తే ఆ మనిషి ఏం చేశాడో నీకూ తెలియదు, అతనికీ తెలియదు.

ఫిజియాలజీని మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేలా చదవాలి. అక్కడ వచ్చే ప్రతి అంకెనూ అనుమానంగా చూడు. గుండె గరిష్ఠ వేగం అంటే 220లోంచి వయసు తీసెయ్యడమే అని జిమ్ గోడల మీద కూడా రాసి ఉంటుంది. 2001లో తనాకా బృందం వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసెయ్యమంది. అరవయ్యేళ్ల మనిషికి మొదటి లెక్కలో 160 వస్తుంది, రెండో లెక్కలో 166. ఏది వాడినా అసలు మనిషి గుండె పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే. అంకె వచ్చింది కదా అని అంత నమ్మకంగా చెప్పెయ్యకు.

అదే మనిషికి గుండె విశ్రాంతిలో 70 సార్లు కొట్టుకుంటోందనుకో. సగం శ్రమ చేయించాలని 160లో సగం తీసుకుంటే 80 వస్తుంది. కుర్చీలోంచి లేచి గది దాటినా ఆ 80 దాటిపోతుంది! కార్వోనెన్ అనే శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇక్కడే పనికొస్తుంది. 160లోంచి 70 తీసెయ్యి, మిగిలిన 90లో సగం 45, దాన్ని తిరిగి 70కి కలుపు. 115. ఇప్పుడది వ్యాయామం. ఇంత లెక్కా వేశాక ఆ మనిషి బీటా బ్లాకర్ మాత్ర వేసుకుంటున్నాడని తెలిసిందా, ఆ కాగితం పక్కన పెట్టెయ్యాల్సిందే. ఆ మాత్ర గుండె వేగాన్ని మామూలుగా పెరగనివ్వదు. అప్పుడు స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేసిన, 6 నుంచి 20 వరకు ఉండే శ్రమ స్కేలు చేతికి తీసుకో. 6 అంటే శ్రమే లేదని, 20 అంటే ఇక చేతకానంత అని. మనిషినే అడుగు, ఎంత కష్టంగా ఉందని. వాళ్లు 13 అంటే ఎలా ఉంటుందో, 17 అంటే ఎలా ఉంటుందో ముందు నీ ఒంటికి తెలియాలి. ల్యాబ్‌లో సైకిల్ ఎక్కడానికి మనిషి కావాలంటే మొదట నువ్వే చెయ్యెత్తు.

స్టాటిస్టిక్స్ అంటే భయమని రాశావు. లోతుగా అక్కర్లేదు. మోకాలు వంగే కోణాన్ని గోనియోమీటర్‌తో ఇద్దరు కొలిస్తే కొద్ది డిగ్రీలు తేడా వస్తుంది. కాబట్టి మూడు డిగ్రీలు పెరిగిందని సంబరపడొచ్చా లేదా అన్నది తెలిసేంత వస్తే చాలు. పోషకాహారం పేపరు సులువే, నీ అంతట నువ్వు చదివేసుకోగలవు.

ఎక్కువ ఇస్తే ప్రమాదమని అందరూ హెచ్చరిస్తారు. నేను చూసినంతలో తక్కువ ఇవ్వడం వల్ల జరిగే నష్టమే పెద్దది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పెద్దవాళ్లు అనగానే కూర్చోబెట్టి చేతులు ఊపించి పంపేస్తారు. 1990లో ఫియాటరోన్ బృందం వృద్ధాశ్రమంలో సగటున తొంభయ్యేళ్ల వయసున్న పదిమందికి, ఒక్కసారి ఎత్తగలిగే బరువులో 80 శాతం వరకు పెట్టి 8 వారాలు కాళ్ల వ్యాయామం చేయించింది. తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. పక్కనే నిలబడి, కొలుస్తూ, పెంచుతూ చేయించారు కాబట్టే అది సాధ్యమైంది. ఇంకోవైపు 1966లో డాలస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు కుర్రాళ్లని మూడు వారాలు మంచం మీదే ఉంచితే, ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్ఫయ్యేళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షిస్తే, ఆ ముప్ఫయ్యేళ్ల వయసు తగ్గించినదానికన్నా ఆ మూడు వారాల మంచమే ఎక్కువ తగ్గించిందని తేలింది. "రెస్ట్ తీసుకోండి" అని అలవాటుగా అనేవాళ్లకి ఈ రెండూ చెప్పు.

ధైర్యం అంటే కళ్లు మూసుకోవడం కాదు తల్లీ. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేనంత ఆయాసం కనిపిస్తే అక్కడికక్కడే ఆపాలి. ఇన్సులిన్ వాడేవాళ్లని మొదలుపెట్టే ముందే షుగర్ ఎంతుందో చూపించమను. నడుము నొప్పితో వచ్చినవాళ్లు మూత్రం మీద పట్టు పోయిందన్నా, తొడల మధ్య తిమ్మిరి అన్నా వ్యాయామం ఊసెత్తకుండా వెంటనే ఆసుపత్రికి పంపించు. రోగం ఏమిటో తేల్చే పని నీది కాదు. ఎక్సర్‌సైజ్ సైన్స్ డిగ్రీ ఫిజియోథెరపీ లైసెన్సు కాదన్నది కూడా గుర్తుంచుకో. ఏ దేశంలో ఏ రిజిస్ట్రేషన్ ఉంటే ఏం చెయ్యనిస్తారో వేరువేరుగా ఉంటుంది. చివరి ఏడాదిదాకా ఆగకుండా, ఈ డిగ్రీతో ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అన్నది ఇప్పుడే కాలేజీవాళ్లని రాతపూర్వకంగా అడుగు. చాలామంది పిల్లలు ఇది అడగడానికి మొహమాటపడతారు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి, ముందు వాళ్లకేం కావాలో అడుగు. ఒకరికి నేల మీద కూర్చుని లేవాలి, ఇంకొకరికి మనవణ్ణి ఎత్తుకోవాలి. అక్కణ్ణించి వెనక్కి లెక్క వేసుకో. ఎనిమిది వ్యాయామాలు రాసిస్తే ఇంటికెళ్లి ఒక్కటీ చెయ్యరు. రెండు రాసివ్వు, నీ ముందు చేసి చూపించమను. మళ్లీ వచ్చినప్పుడు "చేశారా?" అనకు, అందరూ చేశామంటారు. "ఏది కుదరలేదు?" అని అడిగితే నిజం బయటికొస్తుంది. స్కాన్ చూసి "మోకాళ్లు అరిగిపోయాయి" అనే మాట నీ నోట రానివ్వకు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కానుల్లోనూ అలాంటి మార్పులు బోలెడు కనిపిస్తాయి. ఆ మాట విన్నవాళ్లు మాత్రం కాలు కదపడం మానేస్తారు.

ప్రాక్టికల్స్‌కి ఎక్కడికి పంపమంటారని అడిగినప్పుడు నీ క్లాసంతా ఆటగాళ్ల దగ్గరికని ఎగబడుతుంది. నువ్వు ముందు గుండె పునరావాస విభాగం, అంటే గుండె జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లకి వ్యాయామం చేయించే చోటు, అడుగు. బీపీ, మానిటర్, మందుల చీటీ, బోర్గ్ స్కేలు అన్నీ ఒకేసారి చూసుకుంటూ మోతాదు పెంచడం అక్కడ అలవాటవుతుంది. క్రీడాకారులు తర్వాతైనా దొరుకుతారు. ఏ సెమిస్టర్‌లో వేస్తారో తెలియగానే రాయి, వెళ్లేలోగా చదువుకోవాల్సిన మందుల పేర్లు పంపిస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ