మార్కులు వస్తున్నాయి, క్లాసుకు మాత్రం వెళ్లడం లేదు

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తున్నాయి కానీ క్లాసులకు సరిగ్గా వెళ్లడం లేదు. అడిగితే ‘రికార్డింగ్ పెడతారు కదా నాన్నా’ అంటోంది. అసైన్‌మెంట్లు ఏఐతో రాయిస్తోంది, అందరూ అంతేనట. మరోపక్క తోటివాళ్ల ఇంటర్న్‌షిప్ పోస్టులు చూసి టెన్షన్ పడుతూ ఒకదాని తర్వాత ఒకటి ఆన్‌లైన్ సర్టిఫికెట్లు పోగేస్తోంది. ఈ రోజుల్లో కాలేజీ అంటే ఇంతేనా? మేం కలగజేసుకోవాలా?
– ఒక తండ్రి

జవాబు: మీరు రాసినవన్నీ ఇప్పుడు చాలా క్యాంపస్‌లలో కనిపిస్తున్నవే. అయితే అన్నింటికీ ఒకే స్థాయిలో కంగారు పడనక్కర్లేదు. రికార్డింగ్ విని చదువుకోవడం దానంతటది తప్పేమీ కాదు. అర్థం కానిచోట ఆపి, మళ్లీ వినొచ్చు. ‘తర్వాత చూద్దాంలే’ అనుకుని పరీక్షల ముందు వరకు పేరుకుపోనిస్తేనే చిక్కు. ఏ వారం పాఠాలు ఆ వారమే చూస్తోందా అని అడగండి, చాలు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అసైన్‌మెంట్ల సంగతి.

చాట్‌జీపీటీ 2022 నవంబరు చివర్లో వచ్చింది. మీ అమ్మాయి వయసు పిల్లలకు అది లేని కాలేజీ ఎలా ఉంటుందో తెలియదు. కాబట్టి వాడనే వద్దంటే మీ మాట చెవికెక్కదు. ఎలా వాడుతోందన్నదే అడగాల్సిన ప్రశ్న. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. లెక్కలు సాధన చేసేటప్పుడు మామూలు చాట్‌బాట్ చేతికిస్తే, అది లేనివాళ్లకంటే 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ ముట్టనివాళ్లకంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. ఇంకో బృందానికి జవాబు నేరుగా చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే చాట్‌బాట్ ఇచ్చారు. వాళ్లకు ఆ నష్టం దాదాపు కనిపించలేదు. ఇందులో నాకు ఆందోళన కలిగించే విషయం వేరే ఉంది. మొదటి బృందం పిల్లలకు తాము తక్కువ నేర్చుకున్నామన్న అనుమానం కూడా రాలేదు. మీ అమ్మాయికి వస్తున్న మంచి మార్కులను ఈ దృష్టితో ఒకసారి చూడండి.

మరి ఏం చేయాలి? మొదటి ప్రతి, ఎంత నాసిగా వచ్చినా సరే, తనే రాయాలి. ఆ తర్వాత ఏఐకి ఇచ్చి ‘ఇందులో నా వాదన ఎక్కడ తేలిపోతోంది, నన్ను ప్రశ్నలడుగు’ అనమనండి. ఏఐ ఎంతవరకు వాడొచ్చో ఒక్కో లెక్చరర్ ఒక్కోలా చెబుతారు కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి. చిత్తుప్రతులు, ఫైల్‌లో మార్పుల చరిత్ర దాచుకోవడం కూడా మంచిది. ఎందుకంటే ఏఐ రాతను పట్టేస్తామనే సాఫ్ట్‌వేర్లను పూర్తిగా నమ్మలేం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే అలాంటి తన డిటెక్టర్ సరిగ్గా పనిచేయడం లేదని 2023 జులైలో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూశారు. సగటున 60 శాతానికి పైగా వ్యాసాలను అవి యంత్రం రాసినవేనన్నాయి! నిజాయతీగా రాసిన పిల్లల మీద కూడా నింద పడొచ్చు. అలాంటప్పుడు ఆదుకునేది ఆ చిత్తుప్రతులే.

సర్టిఫికెట్ల విషయంలో నేను కాస్త కఠినంగానే చెబుతాను. ఆపేయమనండి. కోర్సెరా, ఎడెక్స్ వంటి ఆన్‌లైన్ కోర్సుల వేదికలు 2012లో మొదలైనప్పుడు అలాంటి కోర్సు పూర్తిచేయడం విశేషం. ఇప్పుడు దరఖాస్తు చేసే ప్రతివాళ్ల దగ్గరా ఓ కట్ట ఉంటోంది. ఇంటర్వ్యూలో ‘ఇది ఇలాగే ఎందుకు చేశావు’ అని అడిగితే సర్టిఫికెట్ జవాబు చెప్పదు. నేర్చుకున్నదాంతో చిన్నదైనా ఒక పని మొదలుపెట్టి ముగించిన విద్యార్థి మాత్రం పది నిమిషాలు మాట్లాడగలడు. ఇక ఆ ఇంటర్న్‌షిప్ పోస్టులంటారా, ఆఫర్ వచ్చినవాళ్లు ఫొటోతో సహా పెడతారు. అంతకుముందు వచ్చిన తిరస్కరణలు ఎవరు పెడతారు?

మళ్లీ క్లాసు దగ్గరకే వస్తాను. రికార్డింగ్‌తో పాఠం దొరుకుతుంది కానీ క్లాసు అయ్యాక బయట జరిగే ఐదు నిమిషాల మాటలు దొరకవు. ఉద్యోగ సమాచారం ప్రాణస్నేహితుల ద్వారా కంటే ముఖపరిచయాల ద్వారానే ఎక్కువగా అందుతుందని మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే వాదించారు. ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ లింక్డిన్‌లో దాదాపు 2 కోట్ల మంది ఖాతాలపై జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఉద్యోగం మారడానికి దగ్గరివాళ్ల కంటే ఓ మోస్తరు పరిచయస్తులే ఎక్కువ ఉపయోగపడినట్టు వాటిలోనూ తేలింది. పక్క సెక్షన్ అమ్మాయి, ల్యాబ్‌లో కలిసే సీనియర్, సందేహం అడిగితే గుర్తుపెట్టుకునే లెక్చరర్... ఇలాంటివాళ్లు తన గదిలోనే కూర్చుంటే పరిచయం కారు. రేపు పై చదువులకు సిఫారసు లేఖ కావాల్సివస్తే తన పేరు, పని తెలిసిన అధ్యాపకులు ఇద్దరైనా ఉండాలి. మార్కుల జాబితా చూసి రాసే లేఖ ఎవరి గురించైనా ఒకేలా ఉంటుంది.

కలగజేసుకోవాలా అన్నారు. కలగజేసుకోండి, కానీ హాజరు లెక్కలతో మొదలుపెట్టకండి. ‘ఈ వారం నీకు బుర్రకెక్కనిది ఏంటి, ఎవరిని అడిగావు’ అని మామూలుగా మాటల్లో అడగండి. వరుసగా రెండు మూడు వారాలు ‘ఎవరినీ అడగలేదు’ అనే వస్తే, తనకు బాగా నచ్చిన ఒక్క సబ్జెక్టుకైనా ఈ సెమిస్టర్ అంతా క్లాసులోనే కూర్చోమని ఒప్పందం చేసుకోండి. అన్ని సబ్జెక్టులకూ వెళ్లాల్సిందేనంటే ఒక్కదానికీ వెళ్లదు.

ఒకటి మాత్రం వేరుగా గమనించాలి. రెండు వారాలకు మించి నిద్ర తలకిందులైనా, తిండి మానేస్తున్నా, ఇంతకుముందు ఇష్టపడినవాటి మీద కూడా ఆసక్తి పోయినా ఇది చదువు సమస్య అనుకోకండి. అప్పుడు ఇంటర్న్‌షిప్, కెరీర్ మాటలన్నీ పక్కన పెట్టి కాలేజీ కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి. ఒంటరిగా వెళ్లమనకుండా మొదటిసారి మీరూ వెంట వెళ్లండి. లోపలికి మాత్రం తనొక్కతినే వెళ్లనివ్వండి.