కౌజు పిల్లలకు మొదటి మూడు వారాలు ఏం పెట్టాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలం. పొదిగిన రోజునే 300 కౌజు పిల్లల్ని తెచ్చాను. నూకలు, చోడి పిండి పెడుతున్నాం. పక్కనున్న లేయర్ (గుడ్ల కోళ్ళ) ఫారం నుంచి కొంత దాణా తెచ్చి అదీ కలుపుతున్నాను. వారం తిరిగేసరికి 60 దాకా చనిపోయాయి. కొన్ని కాళ్ళు చాపేసి లేవలేకపోతున్నాయి. మిగిలినవి కూడా ఎదగడం లేదు. హార్బర్ దగ్గర ఎండు చేపలు చవగ్గా వస్తాయి, పొడి చేసి కలపవచ్చా? అసలు ఏ దాణా ఎంత పెట్టాలి?
– ఒక రైతు, ఆనందపురం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే రోగం కన్నా ముందు దాణానే అనుమానించాలి. పిల్లలు తింటున్నాయి, కానీ తిన్నది ఒంటికి పట్టే తిండి కాదు. గుడ్డు నుంచి బయటికి వచ్చినప్పుడు కౌజు పిల్ల బరువు 7–8 గ్రాములు. సరిగ్గా మేపితే మొదటి వారం తిరిగేసరికి దాదాపు మూడు రెట్లవుతుంది, అయిదు వారాలకు 180–200 గ్రాములకు చేరుతుంది. ఇంత వేగంగా పెరగాలంటే మొదటి మూడు వారాల దాణాలో 27 శాతం దాకా మాంసకృత్తులు ఉండాలి. బ్రాయిలర్ (మాంసపు కోడి) పిల్లకు 22–23 శాతం చాలు, దీనికి చాలదు. మీరు పెడుతున్న నూకల్లో ఉండేది సుమారు 8 శాతం, చోళ్ళలో 7. పొలం గట్ల మీద తిరిగే అడవి కౌజులు గింజలు తిని బతుకుతాయి కదా అని చాలామంది అంటుంటారు. అవి పెద్దవి. వాటి పిల్లలు మొదటి రోజుల్లో ఎక్కువగా ఏరుకు తినేది పురుగుల్నే.

లేయర్ దాణా మాత్రం ఈ రోజే ఆపేయండి. గుడ్డు పెంకు కోసం అందులో కాల్షియం 3.5–4 శాతం ఉంటుంది. పిల్లలకు కావలసింది ఒక శాతం లోపే. ఎక్కువైన కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అలా చనిపోయిన పిల్లను కోసి చూస్తే గుండె, కాలేయం మీద తెల్లటి పొర కనిపిస్తుంది. ఈసారి పిల్ల చనిపోతే పారేయకుండా వెంటనే మీ పశువైద్యాధికారి దగ్గరికి తీసుకెళ్ళి కోయించి చూపించుకోండి. నేను అనుకుంటున్నది నిజమో కాదో అక్కడే తేలిపోతుంది.

ఇక ఏం పెట్టాలి? మీ దగ్గరున్న పిల్లల సంఖ్యకు సులువైన దారి ఒకటుంది. బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్ దాణా, అంటే బ్రాయిలర్ పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టే దాణా, 10 కిలోలకు 2 కిలోల సోయా చెక్క కలపండి. మాంసకృత్తులు 26 శాతం దాటతాయి. సోయా చెక్క అంటే నూనె తీసి, వేడి చేసిన చెక్క. పచ్చి సోయా గింజలు పిండి పట్టించి కలిపితే జీర్ణం కాదు, పైగా పెరుగుదల ఆగిపోతుంది. ప్రీ-స్టార్టర్ పలుకు కోడి పిల్ల ముక్కుకు తగ్గట్టు ఉంటుంది, కౌజు పిల్లకు అది పెద్దది. మిల్లులో బొంబాయి రవ్వంత సన్నగా ఆడించండి. మరీ మెత్తటి పిండి అయితే ముక్కుకు అంటుకుపోయి తినలేవు.

సొంతంగా కలుపుకోవాలనుకుంటే 100 కిలోలకు మొక్కజొన్న 48, సోయా చెక్క 40, ఉప్పు లేని చేపల పొడి 8, కోళ్ళ ఖనిజ లవణ మిశ్రమం 2, నూనె ఒకటిన్నర కిలోలు వేయండి. మిగిలిన అర కిలోలో 100 గ్రాముల మిథియోనిన్ (అమైనో ఆమ్లం), సుమారు పావు కిలో ఉప్పు, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో విటమిన్ల పొడి వస్తాయి. మూడు వారాలకు ఒక్కో పిల్ల తినేది 170 గ్రాములకు అటూ ఇటూ. అంటే 300 పిల్లలకైనా 50 కిలోలు సరిపోతుంది. నా లెక్కలో ఖర్చు తగ్గించుకోకూడని చోటు ఇదే. ఈ కాస్త దాణాలో మిగిల్చుకునే డబ్బు పోయిన పిల్లల ఖరీదు ముందు ఎంత?

ఎండు చేపల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే విశాఖ చుట్టుపక్కల చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. చేప మంచి మేతే, ఇబ్బందల్లా ఉప్పుతోనే. ఉప్పేసి ఎండబెట్టిన చేపలో 12 శాతం ఉప్పు ఉందనుకోండి. దాన్ని దాణాలో 8 శాతం కలిపితే చేప నుంచే దాదాపు ఒక శాతం ఉప్పు చేరుతుంది. పిల్లల దాణాలో మొత్తం ఉప్పు 0.3–0.4 శాతం మించకూడదు. ఎక్కువైతే అదే పనిగా నీళ్ళు తాగుతాయి, రెట్టలు నీళ్ళలా పడతాయి, పొట్టలో నీరు చేరి చనిపోతాయి. కాబట్టి ఉప్పు వేయకుండా ఎండబెట్టిన నెత్తళ్ళు అడిగి కొనండి, ఒకటి నోట్లో వేసుకుని చూడండి. ఇసుక మీద ఎండినవైతే పొడిని గ్లాసు నీళ్ళలో వేస్తే ఇసుక అడుక్కి దిగిపోతుంది. అలాంటివి కడిగి, మళ్ళీ బాగా ఎండబెట్టాకే ఆడించాలి. కవళ్ళ చేపల్లో నూనె ఎక్కువ, పొడి చేసి నిల్వ ఉంచితే త్వరగా ముక్కిపోతుంది. రొయ్య తలల పొడి కూడా కొందరు అమ్ముతారు. కాగితం మీద మాంసకృత్తుల శాతం బాగానే కనిపిస్తుంది, కానీ అందులో కొంత భాగం పెంకులోని కైటిన్‌దే. పిల్లకు అది అరగదు. ఈ వయసులో దాని జోలికి పోవద్దు.

వేరుశనగ చెక్క నేను కావాలనే చెప్పలేదు. మన తీరం గాలిలో తేమకు చెక్కలో బూజు తొందరగా పడుతుంది, దాంతో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. మొక్కజొన్నకూ ఈ బెడద ఉంది. దాణా వారం, పది రోజులకు సరిపడా మాత్రమే కలిపి, నేలకూ గోడకూ తగలకుండా చెక్క బల్ల మీద పెట్టండి. బూజు వాసన తగిలితే ఆ దాణా వాడకండి.

ఎంత మంచి దాణా అయినా పిల్లకు అందాలి కదా. చలి వేస్తే గుంపుగా ముడుచుకుంటాయి తప్ప మేతకు రావు. విశాఖ ఉక్కపోతలో బల్బు ఎందుకనుకోకండి, మొదటి వారం పిల్లల ఎత్తులో 35–37 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించండి. వానాకాలం రాత్రుళ్ళు సముద్రపు గాలి నేరుగా తగలకుండా పరదా కట్టాలి. మొదటి వారం రాత్రంతా వెలుతురు ఉంచండి. తర్వాతి బ్యాచ్ తెచ్చినప్పుడు ముందు కాచి చల్లార్చిన నీళ్ళలో లీటరుకు 50 గ్రాముల గ్లూకోజు కలిపి ఇచ్చి, రెండు మూడు గంటల తర్వాత దాణా చల్లండి. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వేయడం మర్చిపోవద్దు. కౌజు పిల్ల అంగుళం లోతు నీళ్ళలోనే మునిగిపోతుంది.

కాళ్ళు చాపేసినవి రెండు రకాలు. కాళ్ళు రెండు పక్కలకూ జారిపోతే కింద పరిచిన న్యూస్‌పేపర్ కారణం కావచ్చు. దాని మీద పట్టు దొరకదు. ముడతల అట్ట గానీ గోనెపట్టా గానీ పరిచి, మూడు రోజులు దాని మీదే దాణా చల్లాలి. వేళ్ళు లోపలికి ముడుచుకుపోతే అది బి2 విటమిన్ లోపం. నీళ్ళలో బి-కాంప్లెక్స్ అయిదు రోజులు ఇస్తే తొలిదశలో ఉన్నవి కోలుకుంటాయి. బాగా ముదిరినవి లేవడం కష్టం.

ఇప్పుడున్న 240 పిల్లల్ని కొత్త దాణాకు మార్చడానికి ఆలస్యం చేయొద్దు. వారం తర్వాత పదింటిని కలిపి వంటింటి కాటా మీద తూచి, మళ్ళీ తర్వాతి వారం తూచండి. బరువు దాదాపు రెట్టింపు కాకపోతే దాణా నమూనా పట్టుకుని పశువైద్యాధికారిని కలవండి. నాలుగో వారం నుంచి 24 శాతం మాంసకృత్తుల దాణా చాలు, ప్రీ-స్టార్టర్‌లో సోయా చెక్క సగానికి తగ్గిస్తే సరిపోతుంది. మార్పు మూడు నాలుగు రోజుల మీద చేయండి. గుడ్ల కోసం ఉంచుకునే ఆడ పిట్టలకు ఆరో వారం నుంచి కాల్షియం 2.5–3 శాతం కావాలి. అప్పుడు కూడా లేయర్ ఫారం దాణా ఒక్కటే పెడితే మాంసకృత్తులు తక్కువవుతాయి. 20 శాతానికి తగ్గకుండా సోయా చెక్క కలుపుకోండి.