టెక్ సందేహాలు: ఓట్లు బాగానే పడుతున్నాయి, మరి ఆర్డర్లు?

ప్రశ్న: సొంతంగా డ్రెస్సులు డిజైన్ చేస్తుంటాను. మనం డిజైన్ పెడితే జనం ఓట్లేసి, ఎక్కువ ఓట్లు పడినవాటిని కుట్టించి అమ్మే సైట్లు ఉన్నాయట కదా. చేతిలో పెట్టుబడి లేని నాలాంటివాళ్లు వాటిని నమ్ముకోవచ్చా?

జవాబు: నలుగురి కంటా పడటానికి నిక్షేపంగా వాడుకోండి. కానీ ఓట్ల లెక్క చూసి బట్ట మాత్రం కొనేయకండి.

ఈ పద్ధతికి బాట వేసింది థ్రెడ్‌లెస్. 2000లో షికాగోలో జేక్ నికెల్, జేకబ్ డిహార్ట్ మొదలుపెట్టారు. ఎవరైనా టీషర్టు మీదికి బొమ్మ గీసి పంపేవారు. సభ్యులు మార్కులు వేసేవారు. నెగ్గిన వాటిని అచ్చువేసి అమ్మి, గీసినవాళ్లకు డబ్బిచ్చేవారు. అది నిలదొక్కుకోవడానికి పెద్ద కారణం టీషర్టే అని నా అభిప్రాయం. కొలతలు, కుట్టు, బట్ట ముందే తేలిపోయి ఉంటాయి, మారేది పైన బొమ్మ ఒక్కటే. కాబట్టి స్క్రీన్ మీద నచ్చింది చేతికొచ్చాక కూడా చాలావరకు నచ్చుతుంది.

డ్రెస్సు సంగతి వేరు. ఒక డిజైన్‌ని అన్ని సైజుల్లో తేవాలంటే ప్రతి సైజుకీ ప్యాటర్న్ (బట్ట కత్తిరించే నమూనా) సరిచేయాలి. దాన్నే గ్రేడింగ్ అంటారు. భుజం దగ్గర అరంగుళం తేడా వచ్చినా సరుకు వాపసు వస్తుంది. ఓటేసినవాళ్లు చూసింది ఫొటోనే కదా, బట్ట జారుడుగా ఉందో బిరుసుగా ఉందో వాళ్లకేం తెలుస్తుంది? ఓటుకి ఖర్చు లేదు కాబట్టి నచ్చినవాటన్నిటికీ వేసుకుంటూ పోతారు. మాడ్‌క్లాత్ అనే దుస్తుల సైట్ ‘బీ ద బయ్యర్’ పేరుతో శాంపిల్ దుస్తులకు కొనుగోలుదారులతోనే ఓట్లు వేయించింది. అక్కడ తయారీ బాధ్యత మోసింది కంపెనీ. మీ విషయంలో ఆ భారం ఎవరి నెత్తిన పడుతుందో ముందు తేల్చుకోండి.

అందుకే డ్రెస్సులు చేసేవాళ్లకి ప్రీ-ఆర్డర్ (ముందే డబ్బు తీసుకుని తర్వాత కుట్టివ్వడం) దారి మేలు. జనం దగ్గర ముందే డబ్బు కూడగట్టుకునేందుకు 2009లో వచ్చిన కిక్‌స్టార్టర్ సైట్ లాంటి చోట మీరు పెట్టుకున్న లక్ష్యం చేరితేనే డబ్బు వస్తుంది. చేరకపోతే ఎవరి ఖాతాలోంచీ ఒక్క పైసా కదలదు. చేరితే వసూలైనదాంట్లో 5 శాతం సైట్ తీసుకుంటుంది, పేమెంట్ ఛార్జీలు అదనం. లక్ష్యం వేసేటప్పుడు చాలామంది బట్ట, కుట్టుకూలి మాత్రమే లెక్కేస్తారు. శాంపిల్ కుట్టించడం, గ్రేడింగ్, బట్ట మిల్లువాళ్లు పెట్టే కనీస ఆర్డరు, ప్యాకింగ్, కొరియర్, పన్ను, మళ్లీ కుట్టాల్సి వచ్చే పీసులు... ఇవన్నీ కలపాలి. కనీసం ఒక సైజులోనైనా శాంపిల్ కుట్టించి, మనిషికి తొడిగి చూశాకే పేజీ తెరవండి. డబ్బు తీసుకున్నాక సరుకు పంపాల్సిన బాధ్యత మీదే, సైట్‌ది కాదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది నిబంధనల పేజీ. అంతా చదివే ఓపిక లేకపోతే పేజీ తెరిచి కంట్రోల్, ఎఫ్ నొక్కి కొన్ని మాటలు వెతకండి: ఎక్స్‌క్లూజివ్, పర్పెచ్యువల్, సబ్‌లైసెన్స్ (మీ డిజైన్ వాడే హక్కును సైట్ ఇంకొకరికి ఇవ్వడం), వెయివ్ (మీ హక్కు మీరు వదులుకోవడం). డిజైన్‌ని సైట్‌లో చూపించుకోవడానికి ‘నాన్-ఎక్స్‌క్లూజివ్’ లైసెన్స్ అడగడం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. ‘ఎక్స్‌క్లూజివ్’ అని ఉంటే మాత్రం ఆ డిజైన్‌ని మీరు ఇంకెక్కడా అమ్ముకోలేరు. దానికి ‘పర్పెచ్యువల్’ తోడైతే శాశ్వతంగా రాసిచ్చినట్టే. ఓడిపోయిన ఎంట్రీల మీద హక్కు ఎవరిదో కూడా చూడండి. గెలిచిన డిజైన్‌కి డబ్బిచ్చి హక్కు తీసుకోవడంలో తప్పులేదు. గెలవనివాటిని కూడా ఊరికే ఉంచేసుకునే సైట్ అయితే అక్కడ పెట్టొద్దు. ఎంత పేరున్నదైనా సరే, ఈ విషయంలో నా మాట ఇదే.

ఇంకోటి, ఇలాంటి వేదికలు ఎల్లకాలం ఉండవు. 2010లో కొత్త డిజైనర్ల కోసం మొదలైన ఫ్యాషన్‌స్టేక్ సైట్‌ని 2012లో ఫ్యాబ్ అనే షాపింగ్ సైట్ కొనేసింది. అమ్మకాల రిపోర్టు, రివ్యూలు, ఫొటోలు నెలకోసారి డౌన్‌లోడ్ చేసి దాచుకోండి.

ప్రశ్న: నా ప్రింట్ స్క్రీన్ మీద మెరిసిపోతోంది. బట్ట మీదికి వచ్చేసరికి వెలిసిపోయినట్టు, అంచులు మసకగా కనిపిస్తోంది. ఫోన్ యాప్‌లోనే గీస్తాను. లోపం ఎక్కడ?

జవాబు: ఇక్కడ రెండు సమస్యలున్నాయి. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, అచ్చు సిరాతో చూపిస్తుంది. నియాన్ ఆకుపచ్చ, మెరిసే నీలం లాంటివి చాలా సిరాల్లో అంతలా రావు. ఉచితంగా దొరికే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో సాఫ్ట్ ప్రూఫింగ్ ఉంది. అచ్చువేసేవాళ్ల కలర్ ప్రొఫైల్ (వాళ్ల మెషిన్‌లో ఏ రంగు ఎలా వస్తుందో చెప్పే ఫైల్) అడిగి తెచ్చి అందులో పెడితే ఏ రంగు చప్పబడుతుందో ముందే కనిపిస్తుంది. అప్‌లోడ్‌కి ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల పద్ధతి) కావాలా, సీఎంవైకే (అచ్చు సిరాల పద్ధతి) కావాలా అన్నది సైట్ చెప్పినట్టే చేయండి. తెలియకుండా మార్చి పంపితే రంగులు ఇంకా దెబ్బతింటాయి.

మసకకి కారణం పిక్సెళ్లు చాలకపోవడం. 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు బొమ్మ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) రావాలంటే 3600 × 4800 పిక్సెళ్లు ఉండాలి. ఫోన్‌లో 1080 పిక్సెళ్ల కాన్వాస్ మీద గీసి తర్వాత పెద్దది చేస్తే యాప్ ఉన్న చుక్కల్నే సాగదీస్తుంది. మొదటి గీత గీయకముందే కాన్వాస్ సైజు పెట్టుకోండి. బట్ట నిండా వచ్చే ప్రింట్‌కి కొంత తక్కువైనా సరిపోతుంది: బట్ట మీద డిజైన్లు అచ్చువేసిచ్చే స్పూన్‌ఫ్లవర్ సైట్ 150 డీపీఐ చాలంటుంది. అలాంటి ప్రింట్‌కి క్రిటాలో డబ్ల్యూ కీ నొక్కితే ర్యాప్ అరౌండ్ మోడ్ వస్తుంది. కుడి అంచు దాటిన ఆకు ఎడమ అంచులోంచి బయటికొస్తుంది, అతుకు కనిపించదు. అంతా అయ్యాక ఒక చిన్న ముక్క అచ్చువేయించి పగటి వెలుతురులో చూడండి.

ప్రశ్న: డిజైన్ పెట్టగానే ఎవరైనా కాపీ కొడితే?

జవాబు: లేయర్లున్న అసలు ఫైల్, తొలి స్కెచ్చులు తేదీలతో సహా భద్రంగా ఉంచండి. సైట్‌లో జనానికి చూపించడానికి మాత్రం చిన్న సైజు ఫొటోనే చాలు. అప్పుడప్పుడు గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో మీ ఫొటో పెట్టి అలాంటివి ఎక్కడున్నాయో వెతుకుతుండండి. కాపీ కనిపిస్తే స్క్రీన్‌షాట్, లింక్ తీసి ఆ సైట్‌కి కాపీరైట్ ఫిర్యాదు పంపండి. అమెరికా లాంటి చోట్ల బట్ట మీది ప్రింట్‌కి కాపీరైట్ దొరికినంత తేలిగ్గా కటింగ్‌కి, కుట్టు తీరుకి దొరకదు. యూరోపియన్ యూనియన్‌లో రిజిస్టర్ చేయించకపోయినా డిజైన్‌కి 3 ఏళ్ల రక్షణ ఉంటుంది. రిజిస్టర్ చేయించే ఆలోచన ఉంటే అప్‌లోడ్‌కి ముందే దరఖాస్తు పెట్టండి. ఒకసారి బయటపెట్టాక కొత్తదనం పోయినట్టే లెక్కగట్టే దేశాలున్నాయి.

ప్రశ్న: డబ్బు తీసుకుని వెయ్యి ఓట్లు వేయిస్తామంటూ మెసేజ్ వచ్చింది. ఒప్పుకోవచ్చా?

జవాబు: వద్దు. ఒకే చోటి నుంచి, ఒకే గంటలో, కొత్త అకౌంట్ల ఓట్లు వచ్చిపడితే సైట్ ఇట్టే పట్టేస్తుంది. ఎంట్రీతో పాటు మీ అకౌంట్ కూడా పోవచ్చు. పైగా వాళ్లు మీ లాగిన్ అడిగారంటే ఓట్ల కోసం కాదు. ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చి, టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, డబ్బు జమయ్యే బ్యాంకు ఖాతా నంబరు మీదేనో కాదో సరిచూసుకోండి.